అప్‌డేట్: తాడిపత్రి బండల పాలిష్ యూనిట్, కటింగ్ ఎక్కువ, లోడింగ్ తక్కువ

రెండో కటింగ్ మిషన్ కొనాలా అని అడిగాను కదా, అక్కర్లేదని తేలింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఇరుకంతా పాలిష్ మిషన్ దగ్గరే; కోసిన బండలన్నీ దాని ముందే గుట్టపడి ఉన్నాయి. పనిచేసినవి రెండు: పాలిష్‌కు ముందే బండ తడిపి చూడటం (ఆరేటప్పుడు పగులు గీత ఒక్కటే తడిగా కనిపిస్తుంది, దాన్ని పక్కన పెట్టేయొచ్చు), భోజనాల వేళ ఆ మిషన్ ఆగకుండా మనిషిని మార్చడం. గుట్ట తగ్గేదాకా కటింగ్ ఆపాం. కటింగ్ కూలీ ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తుంది, కంగారు పడొద్దు.

లెక్కా మారింది. రాయి, పాలిష్ సామాను ఖర్చు పోగా అడుగుకు మిగిలేది అద్దం పాలిష్‌లో 14 రూపాయలు, మామూలుదాంట్లో 9. కానీ వంద అడుగులకు మొదటిది 70 నిమిషాలు తింటుంది, రెండోది 30. అంటే మిషన్ నిమిషానికి 20 రూపాయలు, 30 రూపాయలు! ఇప్పుడు మామూలు ఆర్డర్లే ముందు.