పీహెచ్‌పీ 8.3 డెబ్ ప్యాకేజీ: ఎన్‌టీఎస్, జెడ్‌టీఎస్ హెడర్లు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి

డెబియన్ 12లో పీహెచ్‌పీ 8.3ని సోర్స్ నుంచి డెబ్ ప్యాకేజీగా కడుతున్నాను. వెబ్ సర్వర్ అపాచీ 2.4 ఈవెంట్ ఎంపీఎంతో (రిక్వెస్టులను థ్రెడ్లతో నడిపే పద్ధతి) నడుస్తోంది. హెచ్‌టీటీపీ/2 కావాలి, ప్రీఫోర్క్‌తో (థ్రెడ్లు వాడని ఎంపీఎం) అది కుదరదు. ఎఫ్‌పీఎంకి (పీహెచ్‌పీని అపాచీ బయట విడిగా నడిపేది) మారమంటారేమో, కానీ పాత సైట్ల హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లలో (ఫోల్డర్‌వారీ అపాచీ సెట్టింగులు) పీహెచ్‌పీ_వేల్యూ లైన్లు బోలెడున్నాయి, అవి అపాచీ మాడ్యూల్ ఉంటేనే పనిచేస్తాయి.

మామూలు బిల్డుతో (ఎన్‌టీఎస్, అంటే థ్రెడ్‌సేఫ్ కానిది) అపాచీ లేవలేదు, మాడ్యూల్ థ్రెడ్‌సేఫ్ కాదని ఆపేసింది. అందుకే రూల్స్ ఫైల్లో (డెబ్ ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పేది) రెండు బిల్డులు పెట్టాను: సీఎల్‌ఐకి (కమాండ్ లైన్ పీహెచ్‌పీ) మామూలుది, మాడ్యూల్‌కి --ఎనేబుల్-జెడ్‌టీఎస్‌తో థ్రెడ్‌సేఫ్‌గా మరొకటి. ఎక్స్‌టెన్షన్_డిర్ వేరియబుల్‌తో రెండిటికీ వేర్వేరు డైరెక్టరీలు ఇచ్చాను. ఇప్పుడు అపాచీ, సీఎల్‌ఐ రెండూ చక్కగా నడుస్తున్నాయి.

చిక్కంతా డెవ్ ప్యాకేజీతోనే (ఎక్స్‌టెన్షన్లు కట్టడానికి కావలసిన హెడర్ ఫైళ్లు, కమాండ్లు ఉండేది). రెండో మేక్ ఇన్‌స్టాల్ మొదటి బిల్డు పీహెచ్‌పైజ్‌ని (ఎక్స్‌టెన్షన్ సోర్స్‌ని బిల్డుకి సిద్ధం చేసే కమాండ్), పీహెచ్‌పీ-కాన్ఫిగ్‌ని (బిల్డు వివరాలు చెప్పే కమాండ్) తుడిచేసేది. --ప్రోగ్రామ్-సఫిక్స్=-జెడ్‌టీఎస్ ఇచ్చాక కమాండ్ల పేర్లు విడిపోయాయి గానీ, హెడర్లు మాత్రం రెండూ /యూఎస్‌ఆర్/ఇన్‌క్లూడ్/పీహెచ్‌పీలోకే వెళ్తున్నాయి. చివరికి మిగిలే పీహెచ్‌పీ_కాన్ఫిగ్.హెచ్‌లో జెడ్‌టీఎస్ డిఫైన్ అయి ఉంటోంది. దాంతో సీఎల్‌ఐ కోసం మామూలు పీహెచ్‌పైజ్‌తో కట్టిన రెడిస్ ఎక్స్‌టెన్షన్ కూడా లోడ్ కావట్లేదు. ‘అన్‌డిఫైన్డ్ సింబల్: ఎగ్జిక్యూటర్_గ్లోబల్స్_ఆఫ్‌సెట్’ అంటోంది. బిల్డుల వరస తిప్పితే ఇబ్బంది జెడ్‌టీఎస్ వైపుకి మారుతుందే తప్ప పోదు.

ఒకే సోర్స్ ప్యాకేజీలో ఈ రెండు బిల్డుల హెడర్లు, పీహెచ్‌పైజ్ వాడే బిల్డ్ డైరెక్టరీ పూర్తిగా విడిగా ఉండాలంటే జెడ్‌టీఎస్ కాన్ఫిగర్‌కి ఏయే ఆప్షన్లు ఇవ్వాలి?