ఇంగ్లీష్‌లో 'డే'తో వచ్చే మాటలు ఎవరైనా కాస్త విడమరిచి చెప్తారా?

హైదరాబాద్‌లో ఉంటూ న్యూయార్క్ క్లయింట్‌తో పని చేస్తున్నాను. గ్రామర్‌తో పెద్ద ఇబ్బంది లేదు, ఈ 'డే' దగ్గరే టెన్షన్. 'కాల్ ఇట్ ఎ డే' అంటే ఇవాళ్టికి పని ఆపేద్దామని, 'ది అదర్ డే' అంటే మొన్నామధ్య అని తెలుసు, వాటితో పేచీ లేదు. 'అట్ ది ఎండ్ ఆఫ్ ది డే' అంటే చివరికి తేలేదేమిటంటే అని, అందులో సాయంత్రం ఊసే ఉండదు, అదే మెయిల్‌లో 'బై ఎండ్ ఆఫ్ డే' అని రాస్తే మాత్రం నిజంగానే గడువు. ఎవరి రోజు లెక్కన? వాళ్ల సాయంత్రం 5 అంటే మనకి ఎండాకాలంలో రాత్రి 2:30, చలికాలంలో 3:30. ఏ టైమ్ జోనో తేల్చి చెప్పమని మర్యాదగా ఎలా అడగాలి?

ఇంకోటి. 'వన్ ఆఫ్ దీజ్ డేస్' అంటే త్వరలో ఎప్పుడో ఒకరోజు, 'వన్ ఆఫ్ దోజ్ డేస్' అంటే ఏదీ కలిసిరాని రోజు, సరేనా? కాల్‌లో అవతలివాళ్లు ఈ రెండోది అని నిట్టూరిస్తే ఊరికే సారీ అనడం నాకు నచ్చట్లేదు, మనసుకి తగిలేలా ఏదైనా అనాలని ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడ మామూలుగా ఏమంటారో ఒకట్రెండు వాక్యాలు రాయండి ప్లీజ్.