గాలి పెరిగితే డింగీ చుక్కాని బరువెక్కుతోంది

ప్రశ్న (హనుమకొండ నుంచి): సెలవుల్లో హుస్సేన్‌సాగర్‌కు వెళ్లి లేజర్ డింగీ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) నడపడం నేర్చుకుంటున్నాను. గాలి పెరిగిన కొద్దీ చుక్కాని పిడి బరువెక్కి, పడవ గాలి వచ్చే వైపుకే తిరగబోతోంది. దీనికి కారణం పడవ అమరికలో ఉంటుందా, నడిపే తీరులో ఉంటుందా?

జవాబు (కరీంనగర్ నుంచి): ముందుగా పడవ ఎంత ఒరుగుతోందో చూడండి. పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు తెరచాప తోసే బలం పడవ మధ్యరేఖను దాటి బయటికి జరుగుతుంది కాబట్టి ముక్కు గాలివైపు తిరుగుతుంది. దాన్ని చుక్కానితోనే ఆపాలని చూస్తే ఆ చుక్కాని బ్రేకులా పనిచేసి వేగాన్ని తినేస్తుంది. అంచు మీదికి జరిగి శరీరాన్ని బయటికి వాల్చండి, చాలకపోతే తెరచాప తాడును కాస్త వదలండి. పిడి కొద్దిగా లాగుతూ ఉండడం మాత్రం మంచిదే. ఏ బరువూ తెలియని చుక్కాని నాకు నచ్చదు.

జవాబు (వరంగల్ నుంచి): చుక్కాని పలక పూర్తిగా కిందికి దిగిందా? అది వెనక్కి లేచి ఉంటే నీటి ఒత్తిడి ఇరుసుకు దూరంగా పడి, చిన్న గాలికే చేయి లాగేస్తుంది.

జవాబు (మంచిర్యాల నుంచి): మీరు బరువు తక్కువ మనిషైతే, 7.06 చదరపు మీటర్ల తెరచాపకు బదులు అదే పడవకు అమరే 5.76 చదరపు మీటర్ల రేడియల్ తెరచాపను అడగండి.