కొత్త గ్లో ఇంజన్ పైకొసలో బిగుసుకుపోతోంది, ఇగ్నైటర్ తీయగానే ఆగిపోతోంది: రన్నింగ్-ఇన్ ఎలా చేయాలి?

ప్రశ్న: కృష్ణాతీరం_ఎగిరేవాడు

అందరికీ నమస్కారం. నెల కిందట బొమ్మ విమానాలకు వాడే 7.5 సీసీ గ్లో ఇంజన్ ఒకటి కొన్నాను, మనవాళ్లు 46 సైజు అనే రకం. ఇత్తడి లైనర్‌కు (సిలిండర్ లోపలి గొట్టం) నికెల్ పూత ఉందని, పిస్టన్ అల్యూమినియందని, దానికి రింగు లేదని డబ్బాలోని కాగితంలో ఉంది. విమానానికి బిగించేలోపే రన్నింగ్-ఇన్ (కొత్త భాగాలు కుదురుకునేలా ముందుగా తిప్పడం) పూర్తి చేద్దామని మేడ మీద బరువైన బల్లకు స్టాండు బిగించి, 11 అంగుళాల పొడవుండే 11x6 ప్రొపెల్లర్‌తో మొదలుపెట్టాను.

రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. చల్లగా ఉన్నప్పుడు చేత్తో తిప్పితే పిస్టన్ పైకొసకు వచ్చేసరికి కీచుమని బిగుసుకుంటోంది. ఒక్కోసారి రెండు చేతులూ వేస్తేగాని దాటడం లేదు. ఇక రెండోది, ఇగ్నైటర్ (ప్లగ్ తీగను వేడిచేసే బ్యాటరీ) తగిలించి ఉన్నంతసేపు ఇంజన్ నూనె కక్కుతూ గుడగుడమని తిరుగుతుంది గాని, దాన్ని తీసిన రెండు మూడు సెకన్లలో ఆగిపోతుంది. ఇంధనం నేనే కలిపాను: 80 పాళ్లు మెథనాల్, 20 పాళ్లు ఆముదం. నైట్రోమీథేన్ మాకు దొరకలేదు.

ఈ విద్యలో నాకన్నా ముప్పై ఏళ్లు ముందున్న పెద్దాయన ఒకరు, సిలిండర్ చేతికి వెచ్చగా కూడా తగలనంత రిచ్‌గా (మిశ్రమంలో ఇంధనం పాలు ఎక్కువగా) నాలుగు ట్యాంకులు తిప్పమన్నారు. ఇప్పటికి రెండు ట్యాంకులు అయ్యాయి. ఇంజన్‌లోనే లోపం ఉందా, లేక ఇలాగే కొనసాగించాలా?

జవాబు: పాత_నీడిల్

దయచేసి ఆ పద్ధతి ఇక్కడితో ఆపండి. ఇంజన్‌లో లోపమేమీ లేదు. మీరు చెప్పిన బిగువు లోపం కాదు, ఆ ఇంజన్‌ను అలాగే తయారుచేస్తారు.

రింగు లేని ఈ రకం ఇంజన్లలో లైనర్ లోపలి గోడ నిలువునా ఒకే వెడల్పు ఉండదు. పైకి పోయేకొద్దీ వెంట్రుకవాసి సన్నబడుతుంది. ఇంజన్ నడిచేటప్పుడు మంట పుట్టేది పైభాగంలోనే కాబట్టి అక్కడ వేడి ఎక్కువ, దాంతో ఇత్తడి బాగా వ్యాకోచిస్తుంది; సిలికాన్ ఎక్కువగా కలిపిన పిస్టన్ అల్యూమినియం అంతగా వ్యాకోచించదు. ఆ వేడి మీద లైనర్ తిన్నని గొట్టమై, పిస్టన్‌కూ దానికీ మధ్య సరిగ్గా నూనె పొర పట్టేంత సందు మిగులుతుంది. సిలిండర్‌ను చల్లగా ఉంచి గంటల తరబడి తిప్పితే ఆ సందు ఏర్పడదు; పిస్టన్ ప్రతి చుట్టులోనూ ఆ ఇరుకులోకి దూరి అరిగిపోతుంది, లోపల కనెక్టింగ్ రాడ్ మీదా అదే దెబ్బ పడుతుంది. చివరికి బిగువు వదిలిందని మనం సంతోషిస్తాం గాని, వదిలింది కంప్రెషన్.

కాబట్టి ముందుగా 11x6 తీసి 10x6 బిగించండి, భారం తగ్గి చుట్లు పెరుగుతాయి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్‌తో సిలిండర్ తలను రెండు నిమిషాలు వేడి చేయండి. అదే ప్రొపెల్లర్ ఒక్క చేత్తో తిరగడం మీరే గమనిస్తారు. నీడిల్ (ఇంధనం పాళ్లు సర్దే మర) పూర్తిగా మూసి, తర్వాత మీ కాగితంలో చెప్పినన్ని చుట్లు తెరవండి, సాధారణంగా రెండున్నర దగ్గర ఉంటుంది. ఇగ్నైటర్ తగిలించకుండా, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కార్బ్యురేటర్ నోటికి వేలు అడ్డం పెట్టి ప్రొపెల్లర్‌ను రెండు మూడు చుట్లు తిప్పితే గొట్టంలో ఇంధనం పాకి రావడం కనిపిస్తుంది. అది కార్బ్యురేటర్‌ను చేరగానే వేలు తీయండి, ఇంకొక్క చుట్టు కూడా వద్దు. ఆపైన థ్రాటిల్‌ను పావువంతుకు తెచ్చి, ఇగ్నైటర్ తగిలించి, స్టార్టర్‌తో గాని కర్రతో గాని తిప్పండి.

ఇంజన్ అందుకున్నాక అది వేడెక్కడానికి కొన్ని సెకన్లు ఇచ్చి, థ్రాటిల్ తెరిచి, నీడిల్‌ను రెండేసి క్లిక్కులు మూస్తూ రండి. గుడగుడ శబ్దం ఉన్నట్టుండి సన్నని అరుపుగా మారే చోటు ఒకటుంది. ఇంజన్ ఆ రెండు శబ్దాల మధ్య అటూ ఇటూ ఊగుతూ, ఎక్కువసేపు అరుపు వైపే ఉండేలా నిలపండి. రెండు నిమిషాలు కాగానే థ్రాటిల్ మూసి ఆపండి. ఆపిన వెంటనే పిస్టన్‌ను కిందికొసకు తిప్పి వదలాలి; పైన వదిలితే చల్లారే లైనర్ దాన్ని పట్టేస్తుంది. పూర్తిగా చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి. ఈ రకానికి రన్నింగ్-ఇన్ అంటే ఇదే, వేడెక్కడం, చల్లారడం. ఇలా ఆరేడు సార్లు అయ్యాక ఒక్కోసారి మూడు నాలుగు నిమిషాలకు పెంచి, మొత్తం మూడు ట్యాంకులు కాగానే విమానానికి బిగించి, నీడిల్ కొంచెం రిచ్‌గానే ఉంచి ఎగరేయండి. మిగిలిన పని గాలిలో అవుతుంది.

సైలెన్సర్ నుంచి కారే నూనెను మధ్య మధ్య తెల్ల కాగితం మీద పట్టి చూస్తుండండి. మొదట్లో బూడిదరంగు మెరుపు ఉండడం సహజం. మూడో ట్యాంకుకు కూడా ఆ మెరుపు తగ్గకపోతే అప్పుడు మళ్లీ ఇక్కడ రాయండి.

జవాబు: ఆముదం_అభిమాని

ఇగ్నైటర్ తీయగానే ఆగిపోవడం గురించి నాదో మాట. ప్లగ్ తీగలో ఉండేది ప్లాటినం. మొదట బ్యాటరీ ఇచ్చే ఒకటిన్నర వోల్టుతో ఎర్రబడినా, తర్వాత మంట వేడి, కంప్రెషన్ వేడి, ప్లాటినం మీద మెథనాల్ ఆవిరి తనంతట తాను మండడం, ఈ మూడూ కలిసి దాన్ని ఎర్రగా ఉంచుతాయి. అతిగా రిచ్ అయితే చేరే ఇంధనమే తీగను చల్లార్చేస్తుంది. నైట్రో లేని మిశ్రమానికి ఈ బలహీనత మరికొంత ఎక్కువ, అందుకు ఒక మెట్టు వేడి రకం ప్లగ్ వాడితే సరిపోతుంది. అంతేగాని నైట్రో లేదని దిగులు వద్దు. అంతర్జాతీయ పోటీల్లో కంట్రోల్ లైన్ (తీగలతో పట్టుకుని గుండ్రంగా ఎగరేసే విమానాల) వేగపు విభాగానికి ఇచ్చే ఇంధనం కూడా అచ్చంగా మీ 80, 20 పాళ్లదే.

ప్లగ్ బయటికి తీసి ఇగ్నైటర్ తగిలించి నీడలో చూడండి. తీగ మొత్తం ఒకే తీరున నారింజ రంగులో వెలగాలి. రెండు చుట్లు మాత్రమే వెలిగి మిగతావి నల్లగా ఉన్నా, తీగ మెరుపు పోయి తెల్లగా గరుకుబారినా మార్చేయండి.

ఇంతకూ మీ ఆముదం ఎలాంటిది? అడగడానికి కారణముంది. మన ఊళ్లలో గింజలు దంచి నీళ్లలో వండి తీసే ఆముదం తలకు మంచిది గాని, ఇంజన్‌కు కాదు. దానిలో తేమా మడ్డీ మిగిలే ఉంటాయి. మందుల దుకాణంలో దొరికే తేరిన ఆముదమో, గింజలను మొదటిసారి పిండినప్పుడు వచ్చి, జిగురు తీసిన ఆముదమో వాడాలి. మెథనాల్ కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మూత వదులుగా పెట్టి వానాకాలమంతా ఉంచిన డబ్బాను నేనైతే నమ్మను.

జవాబు: ఎన్‌సీసీ_రోజుల_నుంచి

ఆ పెద్దాయనను తప్పు పట్టకండి. ఆయన చెప్పింది ఆయన ఇంజన్‌కు నిజం. ఎన్‌సీసీ వైమానిక విభాగంలో మేము చేయి తిప్పుకున్న రోజుల్లో ఇంజన్లకు ఉక్కు లైనరు, పోత ఇనుము పిస్టను ఉండేవి. ఆ రెండూ ఒకదానితో ఒకటి ఒరుసుకుని కుదురుకోవాలి కాబట్టి, ఆముదం దండిగా పోసి, బాగా రిచ్‌గా, చల్లగా, చిన్న చిన్న విడతలుగా గంటసేపు తిప్పేవాళ్లం. రింగు ఉన్న ఇంజన్లకు ఈనాటికీ దాదాపు అదే పద్ధతి. వెనకటికి కొత్త కార్ల వెనక అద్దం మీద ‘రన్నింగ్ ఇన్’ అని రాసుకుని నెమ్మదిగా పోయేవారే, అదీ ఈ తర్కమే. ముందు లోహమేదో చూసి, తర్వాత పద్ధతి ఎంచుకోవాలి.

నా కుడి చూపుడువేలి మీద నాలుగు కుట్ల గుర్తుంది. ఇంధనం మునిగిపోయిన ఇంజన్‌ను, ఇగ్నైటర్ తీయడం మరిచి, ఊరికే వెనక్కి ముందుకి ఆడిస్తుంటే ఒక్కసారి అందుకుంది. అందువల్ల తిప్పడానికి ఎప్పుడూ కర్ర వాడండి, ప్రొపెల్లర్ తిరిగే గీతలో ఎవరినీ నిలబడనీయకండి, నీడిల్‌ను వెనకవైపు నుంచే సర్దండి. చేతికి రాయిలా అడ్డుపడితే లోపల ద్రవం నిండిందని అర్థం. అప్పుడు స్టార్టర్ పెడితే రాడ్ వంగుతుంది. ప్లగ్ తీసి, ఇంజన్‌ను తలకిందులు చేసి, ఇంధనం కార్చేయాలి. మెథనాల్ మంట ఎండలో కంటికి కనిపించదు, పైగా కడుపులోకి పోతే చూపు పోగొట్టే విషం. అది ఉంచిన సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

ప్రశ్నించినవారు: కృష్ణాతీరం_ఎగిరేవాడు

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం ప్లగ్ తీసి చూస్తే తీగలో అడుగు చుట్లు వెలగడమే లేదు. ఆముదం మందుల దుకాణానిదే గాని, మెథనాల్ డబ్బా మాత్రం శ్రావణం నుంచి సగం ఖాళీగా ఉన్నది. దాన్ని పక్కనపెట్టి కొత్తది కలిపాను. డ్రయర్‌తో వేడి చేసి స్టార్టర్ ఆనించగా రెండో తిప్పుకే అందుకుంది. ఇగ్నైటర్ తీశాక చుట్లు కాస్త తగ్గి, మళ్లీ నిలదొక్కుకున్నాయి. శబ్దం మారే చోటు పాత_నీడిల్ గారు చెప్పినట్టే తెలిసింది, ఒక్క క్లిక్కు తేడాలో ఉంది. రెండేసి నిమిషాల చొప్పున అయిదు విడతలు అయ్యాయి. కాగితం మీద నూనె ఇంకా కొద్దిగా బూడిదరంగుగానే ఉంది. మొదట చల్లగా తిప్పిన రెండు ట్యాంకుల వల్ల శాశ్వతంగా నష్టం జరిగి ఉంటుందా?

జవాబు: పాత_నీడిల్

చల్లగా ఉన్నప్పుడు పైకొసలో ఇప్పటికీ కీచుమంటోందా? అంటుంటే బిగువు మిగిలే ఉంది, నష్టం లేదు. రోజు పని ముగిసేటప్పుడు ఇంధన గొట్టం పీకి లోపలిదంతా మండిపోయేదాకా తిప్పండి, తర్వాత కార్బ్యురేటర్‌లో నాలుగు చుక్కల పలుచని యంత్రపు నూనె వేసి చేత్తో తిప్పి వదలండి. మెథనాల్ తేమకు ముందుగా తుప్పు పట్టేది వెనక బేరింగే.