పెళ్లయినంక రేషన్ కార్డుల పేరు ఎక్కించుకునుడు – మీకు ఎట్ల అయిందో చెప్పుండ్రి

సిద్దిపేట_బిడ్డ:
అందరికి నమస్తే. మాది సిద్దిపేట దిక్కు, పెండ్లయినంక మేడ్చల్ కాడ ఉంటున్నం, మా ఆయన గోదాంల లోడింగ్ పని చేస్తడు. అత్తగారి కార్డుల అత్తమ్మ, మామ, మా ఆయన ముగ్గురివే పేర్లున్నయి, నెలకు 18 కిలోలు వస్తున్నయి, నాకు బాబుకు లేవు. నా పేరు ఇంక మా అమ్మ కార్డులనే ఉంది. మీసేవల అడిగితే ముందు అక్కడ తీపిచ్చుకొని రా అంటడు, మా అమ్మేమో ఇక్కడ తీసేసి అక్కడ ఎక్కకపోతే రెంటికి చెడ్డ రేవడివైతవే అంటది. ఇద్దరు చెప్పేది నిజమే అనిపిస్తుంది. ఇంకోటి, అత్తగారి కార్డుల ఎక్కుడు నయమా లేక మేం ముగ్గురం కొత్తది పెట్టుకునుడు నయమా? ఈ మధ్యల ఎవలికన్న అయితే చెప్పుండ్రి.

మీసేవ_కౌంటర్:
అక్కా, నేను కౌంటర్ల కూసునే మనిషినే, చెప్త విను. ఒక ఆధార్ నంబర్ ఒక్క కార్డులనే ఉండాలె, రెండో కార్డుల కొడితే సిస్టమే తీసుకోదు, మేం ఏం చేసేదుండదు. అంటే అమ్మ కార్డుల తీసుడు ముందు, ఇక్కడ కలుపుడు తర్వాత. మధ్యల గ్యాప్ వస్తది, అమ్మకు 6 కిలోలు తగ్గుతయి నీకు ఇంకా పెరగవు, అది ఉన్నదే. కనుక మీ అమ్మవాళ్ల మండలంల పేరు తొలగింపు దరఖాస్తు పెట్టినంక అట్లనే ఊకోకు, ఈపీడీఎస్ తెలంగాణ అనే సర్కారు రేషన్ సైట్ల ఎఫ్ఎస్‌సీ సెర్చ్‌ల కార్డు నంబర్ కొట్టి పేరు పోయిందా లేదా చూసుకో, పోయిన తెల్లారే ఇక్కడ పెట్టు. అంతకంటే ముందు ఇంకో పని, ఆధార్ల అడ్రస్ మేడ్చల్‌కు మార్చుకో. గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, ఎంక్వైరీకి వస్తే ముందుగాల అదే చూస్తడు. ఆధార్ల సిద్దిపేట అడ్రస్ ఉంటే ఇక్కడ ఉంటలేరని రాసిపోతరు.

కొత్త కార్డు కావాల్నంటే మీ ఆయన పేరు గూడ అత్తగారి కార్డుల తీసెయ్యాలె. ఒకటే ఇల్లు ఒకటే పొయ్యి ఉన్నప్పుడు విడిగా ఇయ్యమంటే ఎంక్వైరీల ఆపుతరు. వేరే కాపురం అయితే పెట్టుకో. ఆదాయం పల్లెల లక్షన్నర, టౌన్ల రెండు లక్షల లోపల ఉండాలె సంవత్సరానికి, భూమి తరి, అంటే నీళ్లు పారేది అయితే మూడున్నర ఎకరాలు, కుష్కి, అంటే మెట్ట అయితే ఏడున్నర దాటొద్దు.

నల్గొండ_పోరడు:
మీసేవ అన్న చెప్పింది కరెక్టే గాని ఒకటి చెప్పలే, దరఖాస్తు పెట్టుడు వేరు, అది తహసీల్దార్ ఆఫీసుల కదులుడు వేరు. మా చెల్లె కొత్త కార్డుకు పెడితే సైట్ల ఎప్పుడు చూసినా తహసీల్దార్ లాగిన్ల పెండింగ్ అనే ఉండె. పోయి అడిగితే గిర్దావర్ వచ్చిపోయిండు ఇంటికి తాళం ఉందని రాసిండు అన్నరు. పొద్దున తొమ్మిదింటికి కూలికి పోయేటోళ్ల ఇంటికి పదకొండింటికి వస్తే తాళం కాకపోతే ఏముంటది? లాస్టుకు మా చెల్లె పక్కింటి అవ్వకు కాయితాల జిరాక్సులు ఇచ్చి, తలుపు మీద సుద్దతోని ఫోన్ నంబర్ రాసిపెట్టి పోయింది. రెండోసారి వచ్చినాయన ఆ నంబర్‌కు చేసి మాట్లాడిండు, పక్కింట్ల సంతకం పెట్టిచ్చుకొని పోయిండు. ఆ తర్వాత డీఎస్ఓ, అంటే జిల్లా సివిల్ సప్లైస్ ఆఫీసర్, లాగిన్‌కు పోయింది, అక్కడ మాత్రం ఎక్కువ లేట్ గాలే.

పనిలేని_పటేల్:
ఇదంత ఎందుకు, తెలిసినోడుంటే ఒక్కనాడు అయితది. కార్లల్ల తిరిగేటోళ్లకు కార్డులున్నయి మా ఊళ్లె.

మీసేవ_కౌంటర్:
ఉన్నయి, కాదంటలేను. అందుకని ఈ అక్క దరఖాస్తు పెట్టుకోవద్దా?

నల్గొండ_పోరడు:
తెలిసినోడు అంటున్నవు గాని మా ఊళ్లె ఆ తెలిసినోనికి పైసలిచ్చి కూసున్నోళ్లు ఇంకా కూసునే ఉన్నరు. ఎవ్వనికి రూపాయి ఇయ్యకుండ్రి, మీసేవ రసీదు మీద రాసిన ఫీజు ఎంతో అంతే.

గోదారి_గట్టు:
మాది రాజమండ్రి పక్కన అండి. మా సైడు మీసేవ కాదు, గ్రామ, వార్డు సచివాలయంలోనే పెట్టాలి, రైస్ కార్డు అంటాం. చాలాకాలం ఆపేసి 2025 మే 7 నుంచి మళ్లీ తీసుకుంటున్నారు, కొత్తది, విడగొట్టడం, పేరు కలపడం, తీసేయడం, అడ్రస్ మార్పు, ఆధార్ తప్పులు దిద్దడం, వద్దనుకుంటే వెనక్కిచ్చేయడం కూడాను. గడువు 21 రోజులని పెట్టారు. కానీ మా దగ్గర అసలు మెలిక ఎక్కడుందంటే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ దగ్గరండి, అంటే ఎవరు ఏ ఇంటి మనిషో సచివాలయం రికార్డులో ఎక్కించడం. మా తమ్ముడికి పెళ్లయ్యాక మరదల్ని కలుపుదామని వెళ్తే ఆ అమ్మాయి ఇంకా పుట్టింటోళ్ల మ్యాపింగ్‌లోనే ఉంది, వాళ్లది ఏలూరు జిల్లా, అది అక్కడి సచివాలయం నుంచి ఇక్కడికి మారాక గానీ కార్డు సంగతి ఎత్తలేదు. అందుకని పెళ్లవగానే ముందు మ్యాపింగ్ మార్పించుకోమనండి ఎవరినైనా. పెళ్లి సర్టిఫికెట్ తేవాలా శుభలేఖ తేవాలా అని మావాడు కంగారుపడ్డాడు గానీ సర్టిఫికెట్ తప్పనిసరి కాదని మంత్రి నాదెండ్ల మనోహర్ గారే అప్పట్లో చెప్పేశారు. డిజిటల్ అసిస్టెంట్ ఎంటర్ చేశాక టీ నంబరు ఇస్తారు, అది ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత ఎవరి దగ్గరకెళ్లినా మొట్టమొదట అడిగేది ఆ నంబరే. ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుంటారు, వీఆర్వో చూస్తారు, ఆఖర్న తహసీల్దార్ గారు.

రాయదుర్గం_రాణి:
గోదారి అన్నా, మీకు మ్యాపింగ్ అయితే మాకు కరెంటు మీటరు. కార్డుకి పెట్టుకుంటే 300 యూనిట్లు దాటినాయని కొట్టేసినారు. మేముండేది ఒంటి గది, ఒక ఫ్యాను రెండు లైట్లు ఒక టీవీ, యాడ దాటతాయి అన్ని యూనిట్లు? సచివాలయంలో పాప కంప్యూటర్ తిప్పి చూపించింది, మా ఆయన ఆధార్ కింద మూడు మీటర్లు ఉండాయి, మూడూ ఇంటి ఓనరువి. ఎప్పుడో అద్దెకి దిగేటప్పుడు ఆధార్ జిరాక్సు ఇచ్చినాము, దాన్ని ఎవురు యాడ తగిలించినారో ఏమో. ఆర్నెల్ల సగటు చూస్తారంట, ఓనరు ఇంట్లో ఏసీ కూడా మా లెక్కలోనే పడింది సూడండి. కరెంటాఫీసులో అర్జీ ఇచ్చి ఆ మీటర్ల నుంచి ఆధార్ తీయించుకున్నాక మళ్లా సచివాలయంలో పెట్టినాం, ఈసారి ఆపకుండా ముందుకి పోయింది. అద్దెకుండే వాళ్లు దరఖాస్తు పెట్టకముందే సచివాలయంలో మా ఆధార్ మీద ఏమేం ఉండాయో చూపియ్యండి అని అడగండబ్బా. మీటరే కాదు, బండి, పొలం, టౌన్లో అయితే ఇంటి జాగా, ఇన్‌కమ్ ట్యాక్సు అన్నీ దాంట్లోనే కనపడతాయి. మా పక్కింటాయనకి కారుందని ఆపినారు, తీరా అది ట్యాక్సీ. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కి మినహాయింపు ఉండాది, ఆర్సీ చూపిస్తే సరిపోయింది.

సిద్దిపేట_బిడ్డ:
అందరికి థాంక్స్. అత్తగారి కార్డులనే ఎక్కిద్దాం అనుకుంటున్న. బాబుకు మూడేండ్లు, వానికి వేలిముద్ర ఎట్ల మరి, ఈకేవైసీ, అంటే ఆధార్ తోని వేలిముద్ర కొట్టుడు, కాకపోతే పేరు తీసేస్తరంట కదా?

మీసేవ_కౌంటర్:
ఐదేండ్ల లోపు పోరగాళ్లకు ఈకేవైసీ అక్కర్లేదు. ఆధార్ కార్డు ఉంటే చాలు, లేకుంటే బర్త్ సర్టిఫికెట్ తోని ముందు ఆధార్ తియ్యుండ్రి. ఐదు నిండినంక ఆధార్ సెంటర్ల వేలిముద్రలు, కండ్లు అప్‌డేట్ చేయించి, ఏడాది లోపల కంట్రోల్ దుకాణంల ఈకేవైసీ కొట్టియ్యాలె. ఇది మర్శిపోతరు చాన మంది, తర్వాత బియ్యం తగ్గినయని డీలర్ మీదికి లొల్లికి పోతరు.

ఇంకోటి, పేరు అప్రూవ్ అయిన నెలనే బియ్యం రావు, కోటా ముందే పోయి ఉంటది, వచ్చే నెల నుంచి చూసుకో.

భీవండి_మగ్గం:
మా కార్డు సిరిసిల్లది, మేం ముగ్గురం మహారాష్ట్రల భీవండిల పవర్‌లూమ్ మీద పని, అమ్మ ఊళ్లె ఒక్కతే. వన్ నేషన్ వన్ రేషన్ కింద ఈడనే తీసుకుంటున్నం, ఆధార్ ఉంటే చాలు కార్డు గూడ అడగరు. కాని ఇక్కడ మనిషికి 5 కిలోలే, గోధుమలు బియ్యం కలిపి ఇస్తరు, ఆరో కిలో రాదు, సన్నబియ్యం అసలే లేవు, అవి మన రాష్ట్రం పెట్టుకున్నవి కాబట్టి మన రాష్ట్రం దాటి రావు. మా వాటా మేం ఈడ తీసుకుంటే అమ్మ వాటా అమ్మకు ఊళ్లె ఉంటది. ఇది సెంట్రల్ ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన కార్డులకే నడుస్తది, మా దోస్తుది రాష్ట్రం సొంతంగ ఇచ్చిన స్టేట్ కార్డు, వానికి ఈడ మిషన్ల నంబరే రాలే. వలస పోయేటోళ్లు పోకముందే తమది ఏ కార్డో డీలర్‌ను అడిగి తెలుసుకోవాలె.

మా ఊళ్లె కొందరున్నరు, ఈడ తీసుకోరు, ఆడ తీసుకోరు, పండుగకు పోయినప్పుడు చూస్తమంటరు. ఆర్నెల్లు వరుసగ తీసుకోకుంటే కార్డు ఆపి ఎంక్వైరీ చెయ్యాలని 2025 జులైల సెంట్రల్ ఆర్డర్ వచ్చింది, జర చూసుకోండ్రి.

పనిలేని_పటేల్:
తీసుకొని అమ్ముకునుడే కదా అందరు చేసేది.

నల్గొండ_పోరడు:
దొడ్డుబియ్యం ఉన్నప్పుడు అమ్ముకున్నరు, నిజమే, ట్రాలీ ఆటోలు ఇల్లిల్లు తిరిగి కొనుక్కపోయేటియి. మొన్న 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌ల సన్నబియ్యం మొదలుపెట్టినంక మా వాడల ఎవ్వలు అమ్ముతలేరు, వండుకొని తింటున్నరు. దుకాణంల సన్నబియ్యం కిలో యాభై దాటింది, నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోలంటే ఎంతైతదో లెక్కేసుకో పటేలా. అమ్ముకునుడు నేరం గూడ, దొరికితే కార్డు పోతది.

ముసలమ్మ_మనవడు:
మా నానమ్మకి డెబ్బై దాటింది, ఆవిడొక్కత్తే ఊళ్లో ఉంటది, విజయనగరం జిల్లా. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు నున్నగా అయిపోయాయి, మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా ఎర్ర లైటే. ఇలాంటోళ్లు ఏం చెయ్యాలి?

గోదారి_గట్టు:
కళ్లతో కూడా అవుతుందండి, డీలరు దగ్గర ఐరిస్ మిషన్ ఉంటుంది, లేదని చెప్తే సచివాలయంలో చెప్పండి. ముందు ఆధార్ సెంటర్లో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయిస్తే వేళ్లు పడే ఛాన్సు కూడా ఉంది. పైగా 65 దాటినోళ్లకీ, దివ్యాంగులకీ డీలరే ఇంటికి తెచ్చివ్వాలి మా ఏపీలో. 2025 జూన్ 1 నుంచి ఇంటింటికీ రేషన్ తెచ్చే వ్యాన్లు ఆపేసి మళ్లీ డిపోలకే, అంటే రేషన్ షాపులకే మార్చారు కదా, అప్పుడే ఈ రూలు పెట్టారు. మిగతావాళ్లకి ఒకటో తారీఖు నుంచి పదిహేను దాకా, పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. డీలరు తేనంటే 1967కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు.

ముసలమ్మ_మనవడు:
థాంక్సండి. ఒక్కత్తే ఉంటే 5 కిలోలేనా?

గోదారి_గట్టు:
రైస్ కార్డు అయితే 5 కిలోలే. అంత్యోదయ కార్డు అయితే మనుషులెంతమందైనా ఇంటికి 35 కిలోలు. ఒంటరి ముసలాళ్లకీ, ఆధారం లేని వితంతువులకీ పెట్టిన స్కీమే అది, కానీ వాటికి కోటా ఉంటుంది, ఖాళీ అయితే గానీ కొత్తగా ఇవ్వరు. అర్జీ అయితే తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చి ఉంచండి, ఖాళీ వచ్చినప్పుడు మీ కాగితం అక్కడ ఉండాలి కదా.

గ్రూప్_అడ్మిన్:
పైన ఒకరు ఆధార్ నంబర్ పూర్తిగా పెట్టారు, తీసేశాం. ఎవ్వరూ ఆధార్, కార్డు నంబర్లు ఇక్కడ రాయొద్దు. రేషన్ కార్డు స్టేటస్ అని వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లు ఇన్‌స్టాల్ చేసుకోవద్దు, బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది.

పాలమూరు_కూలీ:
మాది రిజెక్ట్ అని వచ్చింది, ఎందుకో రాయలే. మండల ఆఫీసుల అడిగితే పైన అడుగు అంటరు, పైన అడిగితే మండలంల అడుగు అంటరు. మళ్లా కొత్తగ పెట్టాల్నా?

మీసేవ_కౌంటర్:
కారణం తెల్వకుండ మళ్లా పెడితే మళ్లా అదే కారణంతోని పోతది. సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణి ఉంటది, పో. ఆహార భద్రత చట్టం కింద ఫిర్యాదులు వినేది అడిషనల్ కలెక్టరే, జిల్లా ఫిర్యాదుల అధికారి అంటరు. తెల్లకాయితం మీద పేరు, ఊరు, దరఖాస్తు నంబర్, పెట్టిన తారీఖు రాసి, ఎందుకు రిజెక్ట్ చేసిన్రో లిఖితపూర్వకంగ చెప్పాలె అని ఒక్క లైన్ రాయి, మిగతా కథ వద్దు. దానికి మీసేవ రసీదు జిరాక్సు కుట్టు. అక్కడ ఆన్‌లైన్ల ఎక్కించి నంబర్ ఇస్తరు, నంబర్ ఇయ్యకుండ కాయితం తీసుకొని పక్కన పెడితే లేవకు. తర్వాత ఆ కాయితం మళ్లా మీ మండలానికే వస్తది, కాని ఈసారి జవాబు రాసి పంపాల్సి వస్తది వాళ్లకు.

పాలమూరు_కూలీ:
సరే అన్న. కూలి పోతది సోమవారం, మా ఆడామె పోతే నడుస్తదా?

మీసేవ_కౌంటర్:
ఆమెనే పంపు. కార్డుల ఇంటిపెద్ద అని ఆమె పేరే కదా ఉండేది, చట్టంల గూడ పద్దెనిమిది నిండిన ఆడోళ్లల్ల పెద్దామెనే ఇంటిపెద్ద. పదిన్నర లోపల పోయి లైన్ల నిలబడమను, జిరాక్సులు మీ ఊళ్లెనే తీసుకొని పొమ్మను, కలెక్టరేట్ ముంగట డబల్ రేటు గుంజుతరు.