కార్బన్ డాట్స్‌లో ఆ నీలం వెలుగు కణానిదా, పక్కన పుట్టిన చిన్న అణువుదా?

శేషాచలం:
తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. ప్రాజెక్టు కోసం కార్బన్ డాట్స్ (వెలుగిచ్చే అతిచిన్న కార్బన్ కణాలు) చేద్దామని సిట్రిక్ యాసిడ్, ఇథిలీన్ డయమీన్ నీళ్లలో కలిపి, టెఫ్లాన్ లైనర్ ఉన్న ఆటోక్లేవ్‌లో 200 డిగ్రీల దగ్గర 5 గంటలు పెట్టినాం. గోధుమరంగు ద్రావణం వచ్చింది. 365 నానోమీటర్ల యూవీ టార్చి వేస్తే చిక్కటి నీలం. టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) బొమ్మల్లో 10 నానోమీటర్లలోపు చుక్కలున్నాయి. ఎలక్ట్రాన్ ఇంత చిన్న కణంలో ఇరుక్కోవడం వల్ల శక్తి అంతరం పెరిగి నీలం వస్తోందని, అంటే క్వాంటం కన్ఫైన్‌మెంట్ అని రిపోర్టులో రాసినా. మా సీనియర్ ఒప్పుకోవడం లేదు. ఇక్కడి వాళ్లు ఏమంటారు?

పుత్తూరు కెమిస్ట్రీ:
మీ సీనియర్ పక్షమే నేను. టీఈఎంలో కణం ఉందని తెలుస్తుంది. వెలుగు దానిదేనని ఆ బొమ్మ ఎట్లా చెబుతుంది తమ్ముడూ? మీరు తీసుకున్న ఈ రెండింటి నుంచే ఐపీసీఏ అనే చిన్న అణువు పుడుతుందని 2015లో విడదీసి చూపించినారు. అణుభారం 180. అదీ నీలంగానే, చాలా గట్టిగా మెరుస్తుంది. డయాలసిస్ (సన్నని రంధ్రాల సంచిలో పోసి చిన్న అణువులను బయటి నీళ్లలోకి పంపడం) చేసినారా? బయటి నీళ్ల మీద టార్చి వేసి చూసినారా?

శేషాచలం:
1000 డాల్టన్ల (అంతకంటే తక్కువ అణుభారం ఉన్నవి బయటికి పోయే) సంచిలో ఒక రాత్రంతా పెట్టినాం అక్కా. బీకరులోని బయటి నీళ్లూ నీలంగా మెరుస్తున్నాయి. కానీ సంచి లోపల కూడా మెరుపు బాగానే ఉంది. ఇంకోటి, ఎక్సైటేషన్ (మనం వేసే వెలుగు) 340 నుంచి 460 నానోమీటర్లకు జరిపేకొద్దీ ఎమిషన్ (తిరిగి వచ్చే వెలుగు) కూడా ఎరుపు వైపు జరుగుతోంది. రకరకాల సైజులు ఉన్నట్టే కదా?

పుత్తూరు కెమిస్ట్రీ:
రకరకాల అణువులు ఉన్నా అట్లాగే జరుగుతుంది. ఒక్క రాత్రి చాలదు. బయటి నీళ్లు మారుస్తూ, ఆ నీళ్లలో మెరుపు పూర్తిగా పోయేదాకా చేయండి. ఆ తర్వాత సంచిలో మిగిలినదాని క్వాంటం యీల్డు (పీల్చుకున్న వెలుగులో ఎంత తిరిగిస్తుందో) కొలవండి. ఈ మిశ్రమానికి 80 శాతం దాకా యీల్డు వచ్చిందని 2013లో అచ్చయింది. శుద్ధి చేసినాక ఎంత నిలుస్తుందన్నదే నా ప్రశ్న.

పీలేరు ఫిజిక్స్:
మేడం, ఈ ఒక్క మిశ్రమాన్ని చూసి కార్బన్ డాట్స్ అన్నింటినీ కొట్టేయడం సరికాదు. 2004లో ఇవి మొదట బయటపడింది కార్బన్ నానోట్యూబుల (అతిసన్నని కార్బన్ గొట్టాల) మసిని శుద్ధి చేస్తున్నప్పుడు. అక్కడ సిట్రిక్ యాసిడ్ ఎక్కడిది? 2018లో ఫ్లోరోగ్లూసినాల్ అనే రసాయనం నుంచి త్రికోణాకారపు డాట్స్ చేసినారు. సైజు 1.9 నుంచి 3.9 నానోమీటర్లకు పెరిగేకొద్దీ రంగు నీలం నుంచి ఎరుపు దాకా పోయింది. ఎమిషన్ వెడల్పు 30 నానోమీటర్లే. సైజుతో పాటు రంగు ఇట్లా వరసగా మారడానికి కన్ఫైన్‌మెంట్ కంటే మంచి వివరణ నాకు కనిపించలేదు.

ఇంకో మాట. కార్బన్‌లో ఎలక్ట్రాన్‌ను పెట్టెలో పెట్టినట్టు లెక్కేస్తే సరిపోదు. నానోట్యూబుల్లో ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఎక్సిటాన్‌గా ఉంటాయని 2005లో రెండు ఫోటాన్ల ప్రయోగంతో తేలింది. ఆ బంధం సుమారు 0.4 ఎలక్ట్రాన్ వోల్టులు. మన గది వేడి ఇచ్చే శక్తి 0.025. అంటే వేడికి అది విడిపోదు. రిపోర్టులో ఈ ఆకర్షణ ఊసే లేకుండా సైజు సూత్రం ఒక్కటే రాస్తే భౌతికశాస్త్రం సగమే రాసినట్టు.

బంగారుపాళెం:
మాది మామిడి తోటల ప్రాంతం. మా కాలేజీలో మామిడాకుల రసాన్ని ఆల్కహాల్‌లో కాచి ‘ఎర్రటి కార్బన్ డాట్స్’ అని పోస్టరు పెట్టినారు. పీక్ 670 నానోమీటర్ల దగ్గర ఉంది. అది క్లోరోఫిల్ మెరిసే చోటు. కాచకముందు రసం స్పెక్ట్రమ్ పక్కన పెట్టినారా అంటే లేదు. నాకు నిజంగా బాధేసింది. ఆకు, పండ్ల రసాలతో చేసేవాళ్లు ఆ ఒక్క గీత అయినా పోస్టరులో వేయాలి.

పుత్తూరు కెమిస్ట్రీ:
పీలేరు గారూ, త్రికోణాల సంగతి ఒప్పుకుంటా. అక్కడ సైజుల వారీగా వేరు చేసిన సరుకు ఉంది. ఈ తమ్ముడి దగ్గర అది లేదు, నేను అంటున్నది అదే. తమ్ముడూ, వీలైతే టైమ్ రిజాల్వ్‌డ్ అనైసోట్రోపీ (మెరిసేది ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే కొలత) కొలిపించుకోండి. 3 నానోమీటర్ల కణం నీళ్లలో తిరిగేందుకు సుమారు 3 నానోసెకన్లు పడుతుంది. ఐపీసీఏ లాంటి అణువు అందులో చాలా కొద్ది సమయంలోనే తిరిగిపోతుంది. మెరిసేది ఏదో దాని తిరుగుడే చెబుతుంది.

పీలేరు ఫిజిక్స్:
ఒక జాగ్రత్త. అణువు కణం మీద వదులుగా వేలాడుతున్నా వేగంగానే తిరుగుతుంది. కాబట్టి త్వరగా తిరిగింది గదా అని అది విడిగా ఉందనుకోకూడదు. డయాలసిస్ పూర్తయిన సరుకు మీదే ఆ కొలత తీయాలి.

శేషాచలం:
సరే అన్నా, అక్కా. నీళ్లు మార్చి డయాలసిస్ మళ్లీ మొదలుపెడతా. బయటికి వచ్చిన నీళ్లు పారబోయకుండా ఆరబెట్టి మాస్ స్పెక్ట్రానికి ఇస్తా, 181 దగ్గర (ఐపీసీఏ 180కి ఒక ప్రోటాన్ చేరితే వచ్చేది) పీక్ ఉందేమో చూస్తా. అప్పటిదాకా రిపోర్టులో కన్ఫైన్‌మెంట్ పేరా పక్కన పెడుతున్నా.