రెన్ దొర బొమ్మ ఉన్న ప్లేట్లు: భోజనానికా, షోకేసుకా?

పటమట పిల్ల:
మా ఆడపడుచు లండన్ నుంచి వస్తూ అక్కడి పాతకాలపు ఆర్కిటెక్ట్ క్రిస్టఫర్ రెన్ బొమ్మ వేసిన పింగాణీ ప్లేట్లు, కప్పులు తెచ్చింది, మా అమ్మాయి ఇక్కడ ఆర్కిటెక్చర్ చదువుతోందని. అంచుకి బంగారు గీత. అమ్మాయేమో వాటిలోనే తింటానంటుంది, మా అత్తగారేమో పెద్దమనిషి మొహం మీద పప్పుచారు పోస్తారా అని ఒకటే గొడవ. ఇలాంటివి రోజూ వాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? బొమ్మ నిలుస్తుందా?

బ్రాడీపేట బాబాయ్:
ముందు బొమ్మ మీద వేలితో రాసి చూడమ్మా. అంచు చేతికి తగిలితే అది గ్లేజు, అంటే పైనుండే గాజులాంటి పూత మీద అతికించి, 800 డిగ్రీల ప్రాంతంలో కాల్చిన డెకాల్, స్టిక్కరులాంటి బొమ్మ. గ్లేజు కింద వేసిన రంగుకున్న రక్షణ దీనికి ఉండదు. పాత సెట్టయితే రంగుల్లో సీసం, కాడ్మియం ఉండొచ్చు, పులుపు తగిలితే అవి తిండిలోకి దిగుతాయి. మన భోజనంలో పులుపు లేనిదేది చెప్పు, పులుసు, గోంగూర, మామిడికాయ పచ్చడి... వెనకవైపు ఏం రాశారో చూడు. అలంకరణకు మాత్రమే అనుంటే ఇంక ఆలోచించొద్దు.

కృష్ణలంక కుర్రాడు:
నేను ఇదే రెన్ బొమ్మతో ఫ్రెండు పుట్టినరోజుకి బీసెంట్ రోడ్డు దగ్గర మగ్గు ప్రింట్ చేయించా. 1711లో నెల్లర్ వేసిన పెయింటింగ్, ఇంత విగ్గు, చేతిలో కంపాస్, లండన్ సెయింట్ పాల్స్ చర్చి ప్లాను. బొమ్మంతా పట్టించేసరికి మొహం శనగ్గింజంత వచ్చింది, నడుము పైకి కత్తిరిద్దామని షాపతను ఒక్క మాట అనలేదు. పైగా ఇలా షాపులో వేసిచ్చే మగ్గులు కొలిమిలో కాల్చినవి కాదు అక్కా, సబ్లిమేషన్ ప్రింట్లు. పాలిమర్ పూత ఉన్న తెల్ల మగ్గుకి ప్రింట్ కాగితం చుట్టి 180–200 డిగ్రీల వేడితో నొక్కితే రంగు ఆ పూతలోకి ఎక్కుతుంది, అంతే. స్టీలు పీచుతో తోమితే పూతతోపాటే పోతుంది. మావాడి మగ్గు మీద రెన్‌కి విగ్గు పోయి బట్టతల మిగిలింది 😂

అరండల్‌పేట అత్తయ్య:
బంగారు గీత ఉన్నవి మైక్రోవేవ్‌లో పెట్టకండి, నిప్పురవ్వలు వస్తాయి. డిష్‌వాషర్ కూడా వద్దు, గీత వెలిసిపోతుంది. కప్పులకి బొమ్మ బయటివైపే కదా, కాఫీ తాగొచ్చు. మీ అత్తగారి మాట కూడా తీసెయ్యకండి, మా ఇంట్లో ఎవరి బొమ్మ ఉన్న ప్లేటైనా ఎంగిలి చెయ్యం, కాటన్ దొరదైనా సరే.

గోదారోడు:
కాటన్ దొర ఇంజనీరు కదండీ, ధవళేశ్వరం ఆనకట్టాయన. రెన్ 1666లో లండన్ తగలబడ్డాక సెయింట్ పాల్స్ మళ్ళీ కట్టినాయన. 1981 నుంచి కొన్నేళ్ళు 50 పౌండ్ల నోటు మీద కూడా ఉన్నాడు. వేలు నాలిక్కి తడుపుకుని ఆ నోట్లు లెక్కపెట్టినప్పుడు లేని ఎంగిలి ప్లేటు దగ్గరే ఎందుకొచ్చిందో!

పటమట పిల్ల:
@బ్రాడీపేట బాబాయ్, చూశానండి. కప్పుల వెనక తిండికి వాడొచ్చనే గ్లాసు, ఫోర్కు గుర్తు ఉంది. ప్లేట్లకి అది లేదు, బొమ్మ అంచు కూడా వేలికి తగులుతోంది. కప్పులు అమ్మాయికిచ్చేసి ప్లేట్లు షోకేసులో పెడతా. స్టాండ్లు ఎక్కడ దొరుకుతాయి?

కృష్ణలంక కుర్రాడు:
వన్‌టౌన్‌లో అడగండి అక్కా. చెక్కవి తీసుకోండి. గోడకి తగిలించే స్ప్రింగు కొక్కేలు మాత్రం కొనొద్దు, అంచు మీద బంగారం గీసుకుపోతుంది.